మొనాడ్నాక్ ఎక్కే ముందు టైం లెక్క వేసుకోండి

ఈ మధ్యే బోస్టన్ వైపు వచ్చిన ఒకబ్బాయి అడిగాడు: "అక్టోబర్‌లో ఆకులు రంగు మారేటప్పుడు ఫ్రెండ్స్ అందరం మొనాడ్నాక్ వెళ్దామనుకుంటున్నాం. మూడు వేల అడుగులేగా, రెండు గంటల్లో ఎక్కి దిగేయొచ్చా?"

దిగలేరు. మూడు వేల అడుగులేగా అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. న్యూ హాంప్‌షైర్‌లో జాఫ్రీ పక్కనున్న ఈ కొండ ఎత్తు 3,165 అడుగులు. ఎక్కువమంది వెళ్ళే వైట్ డాట్ ట్రెయిల్‌లో శిఖరానికి సుమారు 2 మైళ్ళు. ఆ రెండు మైళ్ళలోనే దాదాపు 1,800 అడుగులు ఎక్కాలి. మొదటి అర మైలు అడవిలో కబుర్లు చెప్పుకుంటూ హాయిగా నడిచేస్తారు. "ఇంతేనా" అని ఎవరో ఒకరు అంటారు కూడా. ఆ తర్వాత దారి నిటారుగా లేస్తుంది, బండలు మొదలవుతాయి, అక్కడక్కడా చేతులు ఆనించి పాకాలి.

కొండలెక్కేవాళ్ళు ఇప్పటికీ వాడే పాత లెక్క ఒకటుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పింది: నడిచే ప్రతి 3 మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. ఆ ప్రకారం ఇక్కడ పైకి వెళ్ళడానికే గంటన్నర దాటుతుంది. అదీ అలవాటున్న మనిషి ఆగకుండా నడిస్తే. వారమంతా కుర్చీలోంచి లేవని వాళ్ళు, పైగా ప్రతి మలుపులో ఫోటో దిగేవాళ్ళు రెండున్నర గంటలు వేసుకోవాలి. దిగేటప్పుడు ఆ టైం మిగులుతుందనుకోకండి. రాలిన ఆకులు వేళ్ళనీ, రాళ్ళ సందుల్నీ కప్పేస్తాయి. తడిసిన ఆకు బండమీద ఉంటే కాలు నిలవదు. కొన్ని చోట్ల కూర్చుని జారుతూ దిగడమే మేలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పైన ఒక అరగంట కలిపితే మొత్తం ఐదున్నర గంటలు.

ఇప్పుడు వెనక నుంచి లెక్క కట్టండి. అక్టోబర్ మధ్యలో ఆరింటికి కాస్త అటూఇటూగా పొద్దు గుంకుతుంది. చెట్ల కింద ఇంకా ముందే మసక చీకటి పడుతుంది. ఐదింటికల్లా కారు దగ్గరుండాలంటే రెండున్నరకి దిగడం మొదలుపెట్టాలి. అందుకే ఇల్లు కదలక ముందే అందరూ ఒక మాట అనుకోండి: ఒక అరగంట చేతిలో ఉంచుకుని, రెండింటికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి, శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే. ఈ మాట కింద ఉండగానే అనుకోవాలి. పైకి వెళ్ళాక ఎవరూ వినరు. మన గ్రూపుల్లో ఎనిమిదికి బయల్దేరదామంటే పదవుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆ తర్వాత నాలుగున్నర ప్రాంతానికే సూర్యుడు వెళ్ళిపోతాడు కాబట్టి అన్నీ గంటన్నర ముందుకి జరపాలి. ఎలా ఉన్నా మనిషికో హెడ్‌ల్యాంప్ పెట్టుకోండి. ఫోన్ లైట్ పట్టుకుంటే బండ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

పార్కింగ్ ఆన్‌లైన్‌లో ముందే రిజర్వ్ చేసుకోండి. అక్టోబర్ వీకెండ్‌లో స్థలం దొరక్కపోతే గేటు నుంచే ఇంటిదారి పట్టాలి. కుక్కల్ని పార్కులోకి రానివ్వరు.

బట్టల సంగతి. జీన్స్, కాటన్ హుడీ వద్దు. ఎక్కేటప్పుడు చెమటకి తడిసిన కాటన్ పైన గాలిలో ఒంటికి మంచులా అంటుకుంటుంది. ప్రతి వెయ్యి అడుగులకి 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది, దానికి గాలి తోడు. ఈ శిఖరం మీద చెట్టు నీడ కూడా ఉండదు. 1800ల తొలినాళ్ళలో తోడేళ్ళు దాక్కుంటున్నాయని రైతులు అడవికి నిప్పు పెట్టారట. చెట్లు కాలిపోయాక మట్టి కూడా కొట్టుకుపోయి ఉత్త బండ మిగిలింది. బోస్టన్ దాకా కనిపించే ఆ వ్యూ అంతా దాని పుణ్యమే, వణుకు కూడా. బ్యాగులో పొడి చొక్కా, గాలికి అడ్డుపడే జాకెట్ ఉంచుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. బూట్లు కొత్తవి కానక్కర్లేదు, అడుగు అరగకుండా ఉంటే చాలు.

మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ పనిచేస్తుంది, ఛార్జింగ్ మిగులుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. న్యూ హాంప్‌షైర్‌లో మన నిర్లక్ష్యం వల్ల రెస్క్యూ చేయాల్సి వస్తే ఆ ఖర్చు మనకే బిల్లు వేయొచ్చు. ఆ బిల్లు మన మీద పడకుండా హైక్ సేఫ్ కార్డ్ ఉంది, ఏడాదికి ఒకరికి 25 డాలర్లు, ఫ్యామిలీకి 35. ఏటా రెండు మూడు కొండలెక్కే ఉద్దేశం ఉంటే తీసుకోండి. కార్డుందని మరీ తెగించి ప్రవర్తిస్తే మాత్రం అదీ కాపాడదు.

టిక్స్, అంటే ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు, వేసవితో పోతాయనుకుంటారు. ఇక్కడ లైమ్ జబ్బు తెచ్చే రకం అక్టోబర్, నవంబర్‌లలోనూ చురుగ్గా తిరుగుతుంది. ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపండి. ఇంటికి రాగానే బట్టలు డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే అంటుకున్నవి చస్తాయి. మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదళ్ళలో చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి. లైమ్ అంటుకోవడానికి సాధారణంగా ఒక రోజుకి పైగా పట్టుకుని ఉండాలి కాబట్టి ఆ రాత్రే చూసుకుంటే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు.

అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళని వైట్ డాట్ ఎక్కించకండి. పీటర్‌బరో దగ్గర మిల్లర్ స్టేట్ పార్క్‌లో ప్యాక్ మొనాడ్నాక్ అని 2,290 అడుగుల కొండ ఉంది, చలికాలం మినహా పై దాకా కారు వెళ్తుంది. మీలో నడవాలనుకునే వాళ్ళు కింద నుంచి ట్రెయిల్‌లో రండి, అమ్మానాన్నల్ని కారులో పైకి పంపండి.