కలుషితమైన స్థలంలో ముందు మట్టి పనా, పైపుల పనా?

పాత ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కట్టేటప్పుడు ముందు నేలను శుభ్రం చేయాలా, పైపులు వేయాలా అన్నది ప్రశ్న. రెండింటినీ ఒకే ప్లానులో చూడాలి. లేకపోతే శుభ్రం చేసిన నేలనే మళ్లీ తవ్వుకోవాల్సి వస్తుంది. లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో 2012 ఒలింపిక్ పార్కు కోసం చమురు, తారు, సీసం, ఆర్సెనిక్ పేరుకున్న మట్టిని అక్కడే కడిగి తిరిగి వాడారు. 52 హైటెన్షన్ టవర్లను తొలగించడానికి కేబుళ్లను సుమారు 6 కిలోమీటర్ల జంట సొరంగాల్లోకి దించారు.

తరచూ పట్టించుకోనిది మంచినీటి పైపు. నేలలో ఇంకిన పెట్రోలులోని బెంజీన్ అనే విష రసాయనం మామూలు పాలిథిలిన్ (ప్లాస్టిక్) పైపు గోడ గుండా నీళ్లలోకి చేరగలదు కనుక, అలాంటి చోట అల్యూమినియం పొర ఉన్న పైపులు వేసి, కందకాన్ని శుభ్రమైన మట్టితో నింపడం మేలు. రేపు మరమ్మతుకు తవ్వే కార్మికుడికీ అదే రక్షణ. ఇంకుడు గుంతలు మామూలుగా మంచివే అయినా, కాలుష్యం మిగిలి ఉన్న చోట తవ్వకూడదు, ఎందుకంటే ఇంకే నీరు ఆ విషాన్ని భూగర్భజలంలోకి మోసుకుపోతుంది.