ఐఐటీ సీటు ఎవరి హక్కు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి, వాడి స్నేహితుడు చిన్నప్పటి నుంచి ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారు. ఆ పిల్లవాడి తండ్రి దామలచెరువు మామిడి మండీలో హమాలీ. ఇంటర్‌లో మావాడిని పేరున్న కోచింగ్‌లో చేర్పించాము. ఆ అబ్బాయి సెలవుల్లో మా ఇంటికి వచ్చి, మావాడి మెటీరియల్ ముందర వేసుకుని, చీకటి పడేదాకా నోట్సు రాసుకుని వెళ్లేవాడు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అతనికంటే మావాడికే ఎక్కువ మార్కులు వచ్చాయి. అయినా ఎస్సీ కోటాలో అతనికి ఏర్పేడు దగ్గరి ఐఐటీలో సీటు వచ్చింది, మావాడికి ఎక్కడా రాలేదు. అప్పటి నుంచి మావాడు అతనితో మాట్లాడడం మానేశాడు. ఇది న్యాయమేనా? వాడికి నేనేమని చెప్పాలి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి బాధను నేను తక్కువ చేసి మాట్లాడను. రెండేళ్లు నిద్ర మానుకుని చదివిన పిల్లవాడికి సీటు అందకపోతే కలిగే దుఃఖాన్ని రాజ్యాంగ అధికరణాలు తీర్చలేవు. కానీ ఆ దుఃఖం స్నేహితుడి మీద కోపంగా మారిందంటే, ఎక్కడో లెక్క తప్పింది. అందుకే ముందు లెక్క చూద్దాం.

కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం సీట్లు కేటాయించారు. మిగిలిన 40.5 శాతం ఓపెన్ సీట్లు. వాటికి ఏ కులం వారైనా పోటీ పడవచ్చు. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసినవారు సుమారు 1.8 లక్షల మంది, అర్హత సాధించినవారు 48,248 మంది. 23 ఐఐటీల్లోనూ కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే రిజర్వేషన్లు ఒక్కటి కూడా లేకపోయినా, అర్హత సాధించినవారిలో 30 వేల మందికి పైగా బయటే ఉండిపోయేవారు. రిజర్వేషన్లు లేకపోతే ఓపెన్ వరుసలో చివరి సీటుకు కొద్ది దూరంలో ఆగిన కొందరికి సీటు దొరుకుతుందన్నది నిజం, దాన్ని నేను దాచను. కానీ మీ అబ్బాయి స్నేహితుడు ఆ సీటు వదులుకుంటే అది నేరుగా మీ ఇంటికి రాదు. దేశం మొత్తం మీద వరుసలో తర్వాత ఉన్నవారికి పోతుంది. ‘నా సీటు వాడు తీసుకున్నాడు’ అని మీవాడు అనుకుంటున్నది ఈ లెక్కలో నిలవదు.

ఇక న్యాయం సంగతి. దీన్ని ఐఐటీ దగ్గర కాకుండా మన ఊరి దగ్గర మొదలుపెడితే బాగా అర్థమవుతుంది. 1973లో 32వ సవరణతో రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి చిత్తూరు, అనంతపురం, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం కిందికి వచ్చాయి. ఇక్కడి సీట్లలో 85 శాతం స్థానిక విద్యార్థులకే దక్కుతాయి. కోస్తాలో ఇంకా మంచి మార్కులు వచ్చిన పిల్లలు ఉన్నా, మన పిల్లలకు ఎస్వీ వైద్య కళాశాలలో సీటు దొరికే వీలు ఈ ఏర్పాటు వల్లనే కలిగింది. దీన్ని ప్రతిభకు జరిగిన అన్యాయమని మన ఇళ్లలో ఎవరైనా అనగా మీరు విన్నారా? కరువు ప్రాంతమని, ఇక్కడ బడులూ కాలేజీలూ ఆలస్యంగా వచ్చాయని, కోస్తా పిల్లలతో మన పిల్లలను ఒకే కొలబద్దతో కొలవడం తగదని మనమే వాదించాము. ఆ వాదన సరైనదే. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆయా రాష్ట్రాల విద్యార్థులకు ఇవ్వడమూ ఇలాంటిదే. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి మీవాడు దరఖాస్తు చేస్తే ఆ వెసులుబాటు అతనికీ వర్తిస్తుంది. పుట్టిన ప్రాంతం వల్ల కలిగే వెనుకబాటును లెక్కలోకి తీసుకోవడం న్యాయమని ఒప్పుకున్నవారు, పుట్టిన కులం వల్ల తరతరాలుగా భూమికీ చదువుకీ ఊరి మధ్య ఇంటికీ దూరమైనవారి విషయంలో మాత్రం మార్కులే చూడాలని ఎలా అనగలరు?

ర్యాంకు దేన్ని కొలుస్తుందో కూడా ఆలోచించండి. అది ఒక రోజు, ఒక పరీక్షలో, ఒక పిల్లవాడు రాసిన జవాబులను కొలుస్తుంది. ఆ జవాబుల వెనుక ఉన్న కోచింగ్ ఫీజు, ఇంట్లో దొరికిన ప్రత్యేక గది, సందేహం వస్తే అడగడానికి ఉన్న పెద్దలు అందులో కనిపించరు. నీట్ అఖిల భారత కోటాలో ఓబీసీ రిజర్వేషన్‌ను సమర్థిస్తూ 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది: పోటీ పరీక్షలో వచ్చిన మార్కులు కొన్ని వర్గాలకు కూడివచ్చిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక సౌకర్యాలను చూపవు, కాబట్టి ప్రతిభను ఆ మార్కులకే కుదించరాదు. మీ ఉత్తరంలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం మీరే ఇచ్చారు. మీ అబ్బాయికి కొని ఇచ్చిన పుస్తకాలను ఆ పిల్లవాడు సెలవుల్లో అరువుకు చదివి ఐఐటీ అర్హత మార్కు దాటాడు. ఆ సాధనను నేను ప్రతిభ అనే అంటాను.

ఇలా ప్రవేశం పొందినవారు నిలదొక్కుకోలేరన్న మాట తరచుగా వినిపిస్తుంది. మన దేశంలోని ఒక రాష్ట్రపు ఇంజనీరింగ్ ప్రవేశాలను పరిశీలించి ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రిజర్వేషన్ వల్ల సీటు పొందినవారు సీటు కోల్పోయినవారికంటే పేద కుటుంబాల నుంచి వచ్చారని, ప్రవేశ మార్కులు బాగా తక్కువైనా ఆ చదువు వల్ల వారి సంపాదన గట్టిగా పెరిగిందని తేలింది. అదే అధ్యయనం ఇంకొకటి కూడా గమనించింది: ఈ ఏర్పాటు వల్ల అమ్మాయిల సంఖ్య తగ్గే ప్రమాదం ఉంది. ఐఐటీలు 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు సృష్టించడం ఇలాంటి లోటును సరిదిద్దే ప్రయత్నమే. అవి ఉన్న సీట్లకు కలిపినవి కనుక వాటి వల్ల అబ్బాయిలు కోల్పోయింది లేదు.

పెద్ద అధికారుల పిల్లలకు కూడా ఎస్సీ కోటా ఎందుకని మీరు అడగవచ్చు. అది విచారించవలసిన ప్రశ్నే. 2024 ఆగస్టులో ఎస్సీ వర్గీకరణను అనుమతించిన తీర్పులో కొందరు న్యాయమూర్తులు ఆ ప్రస్తావన తెచ్చారు. కానీ మండీలో బుట్టలు మోసే మనిషి కొడుకు విషయంలో ఆ ప్రశ్న తలెత్తనే తలెత్తదు.

మీ అబ్బాయికి చెప్పవలసింది ఇదంతా కాదేమో. ముందు ఆ స్నేహితుడికి ఫోను చేసి అభినందించమనండి. సీటు విషయంలో వారిద్దరూ ఒకరికొకరు ఏ అపకారమూ చేసుకోలేదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిని. మాకు పక్కనే ఉన్న తిరుత్తణిలో ప్రభుత్వ బడి పిల్లలు ప్రత్యేక కోటాలో డాక్టర్ కోర్సుల్లో చేరుతున్నారు. మా పిల్లలకు అలాంటిది లేదు. కులాన్ని కాకుండా బడిని చూసి సీటు ఇవ్వడం మరింత న్యాయం కాదా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, నగరి

జవాబు: అయ్యా, మీరు చెప్పిన తమిళనాడు చట్టం 2020లో వచ్చింది. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివి, నీట్‌లో అర్హత సాధించిన వారికి వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించారు. మద్రాసు హైకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. మీ ప్రశ్నలో ఒక్క మాట సవరించాలి: ఇది కుల రిజర్వేషన్‌కు బదులుగా వచ్చింది కాదు. ప్రతి వర్గానికి ఉన్న వాటాలోపలే, ఆ వర్గానికి చెందిన ప్రభుత్వ బడి పిల్లలకు చోటు ఇస్తారు. కాబట్టి కులమా, బడా అని ఎంచుకోవలసిన పని లేదు. రెండూ కలిసి నడుస్తున్నాయి.

మన రాష్ట్రంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు, పదో తరగతి ఫలితాలతోనే ప్రవేశాలు పెట్టి, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడు పాయింట్లకు 0.4 కలిపే ఏర్పాటు చేశారు. దాని ఇడుపులపాయ ప్రాంగణంలో చేరిన పల్లె పిల్లలు ఎందరికో ఆ 0.4 పాయింట్లే తలుపు తెరిచాయి. అదే పద్ధతిని వైద్య సీట్లకూ తేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీవంటి ప్రధానోపాధ్యాయులు శాసనసభ్యులకు రాతపూర్వకంగా అడగాలి.

భాష విషయం కూడా గుర్తుంచుకోండి. నీట్‌ను, 2021 నుంచి జేఈఈ మెయిన్‌ను తెలుగులో రాయవచ్చు. అడ్వాన్స్‌డ్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. భౌతికశాస్త్రాన్ని తెలుగులో ఆకళింపు చేసుకున్న పిల్లవాడు ఆ ఒక్క రోజు భాషతోనూ పోరాడాలి. ఇది కేంద్రం తేలికగా సరిదిద్దగల అన్యాయం.

ప్రశ్న: మా మనవరాలు అమెరికాలో పన్నెండో తరగతి చదువుతోంది. కాలేజీలు జాతిని చూసి సీట్లివ్వకూడదని అక్కడి సుప్రీంకోర్టు 2023లో చెప్పిందట. అలాంటి తీర్పు మనకూ రావాలని ఇక్కడ కొందరు మిత్రులు అంటున్నారు. రెండు దేశాల సంగతీ ఒకటేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఒకటి కాదు మాస్టారూ. పైగా అలాంటి తీర్పు మనకు 1951లోనే వచ్చింది. అప్పుడు మీ చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇంజనీరింగ్, వైద్య కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో-ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1 ఇచ్చేవారు. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. వెంటనే ఆ ఏడాదే పార్లమెంటు మొదటి సవరణ చేసి, వెనుకబడిన వర్గాల పురోగతికి ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని 15(4) అధికరణంలో రాసుకుంది. వివక్షకు పరిహారంగా ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని మన దేశం రాజ్యాంగంలోనే ఒప్పుకుంది.

అమెరికాలో ఆ అంగీకారం దొరకలేదు. 1978లో బక్కీ (Bakke) అనే వ్యక్తి వేసిన కేసు నుంచి అక్కడి కోర్టు, సమాజంలో జరిగిన అన్యాయానికి పరిహారంగా జాతిని లెక్కించడానికి వీల్లేదని, తరగతిలో వైవిధ్యం ఉంటే అందరి చదువూ బాగుపడుతుందన్న కారణంతో మాత్రం కొంతవరకు చూడవచ్చని చెబుతూ వచ్చింది. 2003లో ఆ మాటను మరోసారి సమర్థిస్తూ, 25 ఏళ్ల తర్వాత ఈ అవసరం ఉండదని ఆశించింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాల కేసుల్లో, వైవిధ్యం వల్ల కలిగే మేలును కొలవలేమని చెప్పి ఆ ఆధారాన్నీ తీసివేసింది. నా అభిప్రాయంలో ఆ ఆధారం మొదటి నుంచీ బలహీనమైనదే. నల్లజాతి విద్యార్థిని తరగతిలో కూర్చోబెట్టడానికి తోటి తెల్లజాతి పిల్లల చదువు మెరుగుపడడాన్ని కారణంగా చూపవలసి రావడంలో, ఆ విద్యార్థికి రావలసిన న్యాయం అసలు ప్రస్తావనకే రాలేదు.

ఆ కేసులో ఆసియా కుటుంబాల ఫిర్యాదును మాత్రం నేను తేలికగా తీసుకోను. హార్వర్డ్ వారు ఆసియా మూలాల విద్యార్థులకు ‘వ్యక్తిత్వం’ అనే అంశంలో సగటున తక్కువ మార్కులు వేసినట్టు అందులో బయటపడింది. కొలమానం చెప్పకుండా మనిషి స్వభావానికి మార్కులు వేసే చోట పక్షపాతం సులువుగా చొరబడుతుంది. మన కోటా పద్ధతిని ఎంత విమర్శించినా, ఎన్ని సీట్లు, ఏ ర్యాంకు దగ్గర ఆగాయి అన్నది అందరి కళ్ల ముందూ ఉంటుంది. ఆ పారదర్శకత చిన్న విషయం కాదు.

మీ మిత్రులు గమనించవలసినది ఇంకొకటి ఉంది. అమెరికాలో పేరున్న ప్రైవేటు కాలేజీలు అనేకం పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రత్యేక మొగ్గు చూపుతాయి. ఒకే పరీక్షా మార్కులు ఉన్నప్పటికీ, మధ్యతరగతి పిల్లలకంటే అత్యంత ధనవంతులైన ఒక శాతం కుటుంబాల పిల్లలకు అగ్రశ్రేణి కాలేజీల్లో సీటు వచ్చే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని 2023లో ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. జాతిని చూడరాదన్న తీర్పు ఈ అలవాటు జోలికి పోలేదు. కాలిఫోర్నియా మాత్రం 2024లో చట్టం చేసి దాన్ని ప్రైవేటు కాలేజీల్లోనూ నిషేధించింది. మన దగ్గర ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఎన్‌ఆర్‌ఐ కోటా పేరుతో 15 శాతం సీట్లు ఉన్నాయి. ఎన్‌ఆర్‌ఐ కోటాకు అర్హత చూపి, నీట్‌లో అర్హత మార్కు దాటి, భారీ ఫీజు కట్టగలిగితే చాలు. ప్రతిభ గురించి ఆవేదన పడేవారిలో ఆ సీట్ల గురించి నోరెత్తేవారు నాకు చాలా తక్కువగా కనిపించారు.

మీ మనవరాలికి ఒక మాట చెప్పండి: జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో దరఖాస్తు వ్యాసంలో రాసుకోవడానికి ఆ తీర్పు అడ్డు చెప్పలేదు. రాయదలిస్తే నిజంగా జరిగినదే రాయమనండి.

ప్రశ్న: మా కులం రాష్ట్ర బీసీ జాబితాలో ఉంది. జేఈఈ ఫారంలో ఓబీసీ అని పెట్టవచ్చా? మా నాన్నకు నాలుగెకరాల వేరుశనగ పొలం ఉంది.
– ఇంటర్ విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: తల్లీ, రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ముందు కేంద్ర జాబితాలో మీ కులం పేరు చూసుకో. ఉంటే, కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న) ధ్రువపత్రం కావాలి. రాష్ట్ర కుల ధ్రువపత్రం అక్కడ చెల్లదు. క్రీమీలేయర్ పరిమితి ఏడాదికి 8 లక్షలు, అయితే ఆ లెక్కలో వ్యవసాయ ఆదాయాన్ని, జీతాన్ని కలపరు, కాబట్టి పొలం గురించి భయపడవద్దు. పరీక్ష రాసే సంవత్సరం ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ జారీ అయిన పత్రాన్నే అంగీకరిస్తారు. మార్చి నాటికే మీ నాన్నగారితో మీ ఊరి సచివాలయానికి వెళ్లి ఏ కాగితాలు కావాలో అడిగి సిద్ధం చేసుకో. ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టు. సమయానికి పత్రం చూపలేక ఓబీసీ ర్యాంకు పనికిరాకుండా పోయేది ఎక్కువగా మొదటిసారి చదువుకుంటున్న ఇళ్ల పిల్లలకే. కేంద్ర జాబితాలో మీ కులం లేకపోతే, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రానికి ప్రయత్నించు. దానికి మాత్రం వ్యవసాయ ఆదాయంతో సహా కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, పొలం అయిదెకరాల లోపు ఉండాలి. రాష్ట్ర కాలేజీల ప్రవేశాల్లో నీ బీసీ రిజర్వేషన్ ఎప్పటిలాగే ఉంటుంది.