డాక్యుమెంటరీనా, ఫిక్షనా? ఎంచుకోవద్దనే అంటాను

"డాక్యుమెంటరీలతో మొదలుపెడితే తర్వాత ఫిక్షన్ సినిమాకి మనల్ని నమ్ముతారా?" అని అడిగారు. నమ్ముతారు. దర్శకురాలు పాయల్ కపాడియాకు ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 2021లో డాక్యుమెంటరీకి గోల్డెన్ ఐ అవార్డు వచ్చింది, 2024లో ఫిక్షన్‌కి, అంటే కల్పిత కథతో తీసిన సినిమాకి, గ్రాండ్ ప్రి అవార్డు వచ్చింది. నేను చిన్న స్థాయిలోనే అయినా పన్నెండేళ్లుగా రెండూ తీస్తున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తా. సినిమా తీయడానికి ఏదైనా సంస్థ ఇచ్చే గ్రాంటు వచ్చినా విడతలుగా వస్తుంది, మధ్యలో నెలల తరబడి ఖాళీ. ఆ రోజుల్లో ఇతరుల సినిమాలు ఎడిట్ చేసే బతికాను. ఇంకోటి, సినిమా పూర్తవగానే తొందరపడి యూట్యూబ్‌లో పెట్టకండి. ప్రీమియర్, అంటే మొదటి ప్రదర్శన, తమ దగ్గరే జరగాలని చాలా ఫెస్టివల్స్ అడుగుతాయి.

నా మొదటి డాక్యుమెంటరీ కుట్టుమిషన్ మీద బతికే ఒక పెద్దావిడ గురించి. దూరమైన కొడుకు గురించి అడిగితే, మిషన్ ఆపి సూదిలోకి దారం ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. ఆ మౌనం తట్టుకోలేక ఇంకో ప్రశ్న వేసేశాను. ఎడిటింగ్‌లో చూస్తే ఆ షాట్ నిండా నా గొంతే. ఎంత బాధపడ్డానో!

రఫ్ కట్, అంటే తొలి ఎడిట్, ఆవిడకి చూపిస్తే, కొడుకుతో ఫోన్లో గొడవపడిన సీన్ తీసేయమంది. సినిమాకి ప్రాణం అదే. అయినా తీసేశాను. షూటింగ్‌కి ఒప్పుకుంటూ ఆవిడ సంతకం చేసిన కాగితం ఉంది కదా అనుకోవడం నా వల్ల కాలేదు. పోలండ్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ రైల్వే స్టేషన్ మీద డాక్యుమెంటరీ తీస్తుంటే, ఒక హత్య కేసులో ఆధారం దొరుకుతుందేమోనని పోలీసులు ఆయన ఫుటేజ్ పట్టుకుపోయారు. అందులో ఏమీ దొరకలేదు. కానీ తను తీసిన బొమ్మ ఒక మనిషిని పట్టించి ఉండేదే అన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. తర్వాత దాదాపుగా ఫిక్షన్ వైపే వెళ్లిపోయాడు. నటి స్క్రిప్టు చదివి, ఒప్పుకుని వస్తుంది. డాక్యుమెంటరీలో మనిషికి తెర మీద తను ఎలా కనబడతానో ముందు తెలియదు.

ఐదేళ్ల తర్వాత ఆ గొడవనే పేర్లు, ఊరు, కారణం అన్నీ మార్చి కథగా రాసుకున్నాను. ముందు ఆవిడకే వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఈసారి నేనూ నోరు మెదపలేదు. చివరికి, "సరే తీసుకో. మిషన్ మాత్రం నాదే పట్టుకెళ్లు, కొత్తది పెడితే తెలిసిపోతుంది" అంది.

షూటింగ్‌లో డైలాగ్ అయిపోయినా కట్ చెప్పలేదు. నటి ఆ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా అలాగే కూర్చుండిపోయింది.