బైపాస్ అయ్యాక మళ్లీ గాలం పట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. నాలుగు నెలల కింద గుండెకి బైపాస్ అయింది, మూడు చోట్ల వేశారు, కాలు నుంచి నరం తీశారు. పదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడతాను. మొన్న ఎకోలో పంపింగ్ 45 శాతం అన్నారు. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు నడుస్తున్నా, ఆయాసం ఏమీ లేదు. చిన్నప్పట్నుంచి గాలం వేసి చేపలు పట్టడం అంటే నాకు పిచ్చి. ఇప్పుడు మా ఆవిడ గాలం కర్రలన్నీ తీసి అటక మీద పడేసింది. చేప తగిలినప్పుడు గుండె దడదడలాడుతుంది కదా, ఆ టెన్షన్ మీ గుండె తట్టుకోదు అంటుంది. మళ్లీ చెరువుకి వెళ్లొచ్చా, లేక ఇక మర్చిపోవాల్సిందేనా?

జవాబు: మర్చిపోనక్కర్లేదండీ. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే వెళ్లొచ్చు. కాకపోతే ఆపరేషన్‌కి ముందు వెళ్లినట్టు వెళ్లకూడదు. ఒక్కరే పొద్దున పోయి, తిండీ నీళ్లూ మర్చిపోయి, చీకటి పడ్డాక ఇంటికి రావడం అనే పద్ధతి మాత్రం వదిలేయాలి.

ముందు మీ ఆవిడ భయం సంగతి చూద్దాం, ఎందుకంటే ఆవిడ ఒప్పుకోకపోతే నేను ఇక్కడ ఎంత రాసినా ఆ కర్రలు అటక దిగవు. బెండు మునిగినప్పుడు గుండె వేగం పెరిగేది నిజమే, అది ఒకటి రెండు నిమిషాల ముచ్చట, పైగా బైపాస్ అయినవాళ్లకి చాలామందికి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర నడుస్తూ ఉంటుంది, అది గుండెని మరీ పరిగెత్తనివ్వదు. రోజూ నలభై నిమిషాలు నడిచి ఆయాసపడని గుండెకి ఆ ఒక్క దడ వల్ల ఏమీ కాదు. నా భయం వేరే, పెద్ద చేప తగిలినప్పుడు మనిషి తెలీకుండానే ఊపిరి బిగబట్టి కాళ్లు తన్నిపెట్టి లాగుతాడు చూడండి, అలా బిగబట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. కాబట్టి రీల్ వాడేవాళ్లయితే డ్రాగ్ (రీల్ మీద లైన్ బిగువు సరిచేసేది) లూజుగా పెట్టుకోండి, చేప లాగితే లైన్ వదులుతూ పోవాలి, నోటితో గాలి వదులుతూ నెమ్మదిగా చుట్టుకోవాలి. మరీ బలంగా గుంజుతుంటే లైన్ కోసేయండి. పోతే పోయింది చేప.

ఇక మీ గుండె ఎంత పని చేయగలదు అనేదానికి ఒక లెక్క ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చుని మేము 1 మెట్ అంటాం. ఒకచోట కూర్చుని గాలం వేస్తే 2 నుంచి 2.5, గట్టు మీద నిలబడి అటూ ఇటూ తిరుగుతూ వేస్తే 3.5 నుంచి 4, పారే నీళ్లలోకి దిగి నిలబడి పడితే 6 దాకా పోతుంది. ఇంట్లోనే చూసుకోవాలంటే ఆగకుండా రెండు అంతస్తులు మెట్లు ఎక్కండి (పేరు కలిసింది గానీ ఆ మెట్టూ ఈ మెట్లూ ఒకటి కాదు), ఛాతీలో పట్టేయకుండా, మాట్లాడలేనంత ఆయాసం రాకుండా ఎక్కగలిగితే దాదాపు 4 మెట్‌ల పని చేయగలరు అని అర్థం, అంటే గట్టు మీద గాలానికి సరిపోతుంది. నీళ్లలోకి దిగడం మాత్రం ఇప్పుడు వద్దు, అది ట్రెడ్‌మిల్ టెస్ట్ చూసి మీ కార్డియాలజిస్ట్ చెప్పాల్సిన మాట.

ఛాతీ ఎముక సంగతి. ఆపరేషన్‌లో దాన్ని నిలువునా కోసి స్టీల్ తీగలతో మళ్లీ కడతారు, మామూలుగా అది గట్టిగా అతుక్కోడానికి 12 వారాల దాకా పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. మీకు నాలుగు నెలలు దాటింది కాబట్టి అతుక్కునే ఉండాలి, కానీ చుట్టూ ఉన్న కండలు ఇన్నాళ్లూ పనిలేక మెత్తబడి ఉంటాయి. తల వెనక్కి చెయ్యి ఎత్తి ఒంటిచేత్తో విసురుగా వేయడం కొన్నాళ్లు ఆపండి. తేలిక కర్ర తీసుకుని, మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, పక్క నుంచి దగ్గర్లోకి వేయండి చాలు. ఛాతీ మధ్యలో టక్ టక్ అని శబ్దం వచ్చినా, ఎముక కదిలినట్టు అనిపించినా అక్కడితో ఆపేసి సర్జన్‌కి చూపించండి. మర్నాడు ఛాతీ మీద ఒకచోట వేలితో నొక్కితే నొప్పి, చెయ్యి కదిపితే నొప్పి అంటే అది చాలావరకు కండది. బరువు పెట్టినట్టు ఉండటం, దవడకో చేతికో పాకడం, చల్లటి చెమట వస్తే అది గుండెది అనుకోవాలి. షుగర్ పేషెంట్లకి నొప్పే లేకుండా ఉన్నట్టుండి ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు, ఇది మీరు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి.

ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర మీ డాక్టర్ రాసి ఉంటే జేబులో ఉండాలి, ఎండలో పెట్టిన సంచిలో కాదు, ఎందుకంటే వేడికీ తడికీ అది చెడిపోతుంది. పెట్టుకునేటప్పుడు కూర్చుని పెట్టుకోండి, బీపీ పడిపోయి నీళ్లలో పడతారు లేకపోతే. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఆలోచించకుండా అంబులెన్స్ పిలిపించండి, బండి మీద మీరే నడుపుకుంటూ పోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందు భయం వేసింది గుండె గురించి కాదు, షుగర్ గురించి. మీరు ఏ మాత్ర అనేది రాయలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉంటే మాత్రం టిఫిన్ లేటయినా, ఎక్కువ నడిచినా డౌన్ అవుతుంది. మామూలుగా షుగర్ పడిపోతే చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది, దాంతో మనకి తెలిసిపోతుంది. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకి ఆ వణుకూ దడా సరిగ్గా బయటపడవు, చెమట ఒక్కటే మిగులుతుంది. ఎండలో గట్టు మీద కూర్చున్న మనిషికి చెమట పడితే ఎండకే అనుకుంటాడు, అక్కడే కూర్చుని బెండు వైపు చూస్తూ ఉంటాడు, కాసేపటికి మాట తడబడి, చుట్టూ ఏం జరుగుతుందో అర్థం కాని స్థితికి పోతాడు, పక్కనే నీళ్లు. అందుకే వెళ్లే ముందు తిని వెళ్లండి, వేలి నుంచి చూసుకునే మిషన్ పెట్టుకోండి, 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి. అనుమానం వచ్చి మిషన్ లేకపోయినా పంచదార తాగేయండి, ఎక్కువైతే సాయంత్రానికి సర్దుకుంటుంది, తక్కువైతే ఆగదు.

పక్కన మనిషి ఉండాలి అని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆయనకి చేపలు పట్టడం రాకపోయినా పర్లేదు, మీ మాత్ర ఏ జేబులో ఉందో, ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చాలు. పడవ ఎక్కేటట్టయితే లైఫ్ జాకెట్ వేసుకోండి, ఈత వచ్చు కదా అని మానేయొద్దు, కళ్లు తిరిగిన మనిషికి ఈత పనికిరాదు.

కాలు గురించి కూడా చెప్పాలి. నరం తీసిన కాలు గంటల తరబడి కిందకి వేలాడేస్తే సాయంత్రానికి ఉబ్బుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, వీలుంటే కాలు ఎత్తు మీద పెట్టుకోండి, లేచేటప్పుడు మెల్లగా లేవండి, ఎందుకంటే బీపీ మాత్రలకీ ఎండకీ కలిసి కళ్లు తిరుగుతాయి. ఒట్టి కాళ్లతో నడవొద్దు, షుగర్‌కి పాదాలు మొద్దుబారి ఉంటే ముల్లు దిగినా తెలీదు. మూడు రోజుల్లో బరువు 2 కిలోలు పెరిగినా, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చినా అది ఒంట్లో నీరు చేరుతుందని గుర్తు, ఆ వారం గాలం మాట ఎత్తకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గాలం గుచ్చుకోవడం అనేది ఈ సరదాలో మామూలే (నాకు చేపలు పట్టడం రాదు, ఒకసారి స్నేహితుడితో వెళ్లి నా చొక్కానే పట్టుకున్నా). రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవాళ్లకి రక్తం తొందరగా ఆగదు, శుభ్రమైన గుడ్డతో పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి, మధ్యమధ్యలో తీసి చూడొద్దు, ఆ మాత్రలు సొంతంగా ఆపనూ వద్దు. గాలం ముల్లు లోపలికంటా దిగితే వెనక్కి గుంజకండి, ఆసుపత్రిలో తీయించుకోండి. జెల్ల లాంటి చేప ముల్లు పొడిస్తే భరించగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది, అయితే ఆ వేడి ఎంతుందో షుగర్‌తో తిమ్మిరెక్కిన మీ చేత్తో కాదు, పక్కాయన చేత్తో చూడాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది.

నీళ్లలో క్రిములు కూడా ఉంటాయి, షుగర్ ఉన్న ఒంటికి అవి తొందరగా పట్టుకుంటాయి. గాయం చుట్టూ ఎరుపు గంటల్లో పాకుతున్నా, బొబ్బలు లేచినా, ముఖ్యంగా సముద్రం నీళ్లో ఉప్పునీటి కయ్యలో తగిలిన దెబ్బయితే రాత్రి ఆగి రేపు చూద్దాం అనుకోవద్దు. ఇంకొకటి నిదానంగా వచ్చేది ఉంది, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత వేలి మీద చిన్న గడ్డలా లేచి మామూలు యాంటీబయాటిక్స్‌కి తగ్గదు, అది మైకోబ్యాక్టీరియం మారినం అనే క్రిమి వల్ల కావచ్చు, మీరు చేపలు పడతారని చెప్పకపోతే చాలాసార్లు డాక్టర్‌కి కూడా తట్టదు. చెరువుకి వెళ్లొచ్చిన వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడటం ఉంటే లెప్టోస్పైరోసిస్ (ఎలకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం) ఏమో చూడమని అడగండి.

మొదటిసారి ఒక గంట చాలు, చల్లటి పూట, నీడలో, కూర్చుని. మర్నాడు ఒళ్లు ఎలా ఉందో చూసుకుని తర్వాతి వారం గంటన్నర. ఈలోపు మీ కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి, అడగాల్సినవి ఆవిడనే అడగనివ్వండి. టెటనస్ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ రోజే అదీ వేయించుకుని రండి.