ఊడిన బోల్టు చోట ఇంకోటి బిగించేస్తే సరిపోదండీ

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. రెండేళ్ళ 350 సీసీ బండి. ఎడమ ఫుట్‌రెస్ట్ బోల్టు ఆర్నెల్లలో రెండుసార్లు ఊడి ఎక్కడో పడిపోయింది, నంబర్ ప్లేటుకి ఒకటి లేదు, లెగ్‌గార్డు బోల్టు చేత్తో తిప్పితే తిరిగేస్తోంది. మెకానిక్‌ని అడిగితే "ఈ బండ్లకి ఇది మామూలేనండీ" అన్నాడు. ఇది నిజంగా మామూలేనా, టెన్షన్ పడాలా అని అడిగారు.

నంబర్ ప్లేటు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫుట్‌రెస్ట్ గురించి మాత్రం పడాలి. ఒకే చోట రెండుసార్లు ఊడిందంటే తప్పు బోల్టుది కాదు, ఆ చోటుది. అక్కడ ఏం జరుగుతోందో చూడకుండా మూడో బోల్టు పెడితే అదీ ఊడుతుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఒకసారి ముందు బ్రేకు బోల్టే ఊడిపోయింది.

నాలుగేళ్ళ కిందట కార్తీకమాసంలో నేనూ మా ఆవిడా విజయవాడ నుంచి శ్రీశైలం బయల్దేరాం. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటేదాకా బండి బాగానే ఉంది. మార్కాపురం దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు బ్రేకు నొక్కితే "టక్" మని చప్పుడు, వదిలితే ఇంకో "టక్". కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, లూజయిందేమో అనుకున్నాను, ఊరికి వెళ్ళాక చూపిద్దాంలే అనుకున్నాను. దోర్నాలలో టీకి ఆగాం. గ్లాసు పట్టుకుని ఊరికే ముందు చక్రం పక్కన కూర్చుని చూశాను. కాలిపర్‌ని, అంటే ప్యాడ్లతో డిస్కుని నొక్కే బ్రేకు భాగాన్ని, ఫోర్కుకి పట్టి ఉంచేవి రెండే రెండు బోల్టులు. కిందది లేదు. ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం, లోపల మరలు తళతళ మెరుస్తున్నాయి, దాని చుట్టూ పసుపు-ఎరుపు మధ్య రంగులో తుప్పు పొడి ఉంగరంలా అంటుకుని ఉంది. పైబోల్టు రెండు మరలు బయటికి వచ్చేసి ఉంది, వేలితో తిప్పితే తిరిగింది.

మా ఆవిడ వంగి చూసి, "ఈ బ్రేకు మీదేనా మనం ఇంతదూరం వచ్చింది?" అంది. నాకు నోట మాట రాలేదు. దోర్నాల దాటితే ఘాట్ రోడ్డే. ఆ పైబోల్టు కూడా జారిపోయి ఉంటే కాలిపర్ తిరిగి చక్రంలో ఇరుక్కునేది. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అంతకు పదిరోజుల ముందే ఒక షాపులో ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించాను. నా బండికి ప్యాడ్లు మార్చాలంటే కాలిపర్ విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు బోల్టులు చేత్తో ఎక్కించి, పానాతో బిగించే ముందు ఇంకో పని మీదికి పోయి ఉంటారు. నా అనుభవంలో ఊడిన బోల్టుల్లో సగానికి పైగా ఇలాంటివే, ఎవరో విప్పి సరిగ్గా బిగించనివి. అందుకే బండి సర్వీసుకో పంక్చరుకో ఇచ్చి తెచ్చుకున్న రోజున, ఆ పనిలో విప్పిన బోల్టులన్నీ ఇంటి దగ్గర ఒకసారి పానా పెట్టి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఐదు నిమిషాల పని.

దోర్నాలలో దొరికిన మెకానిక్ పెద్దాయన చేసిన పని మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోయిన బోల్టు చోట ఇంకోటి వెతకడం ఎలాగో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. ముందు మిగిలి ఉన్న పైబోల్టు మొత్తం విప్పి చేతిలోకి తీసుకున్నాడు, అదే నమూనా. డబ్బాలోంచి పాత బోల్టులు గోనెపట్టా మీద గుమ్మరించి, ఒక్కోటీ దాని పక్కన మరకు మర ఆనించి ఎండకేసి పట్టి చూశాడు. రెండిటి మరలూ పళ్ళు కలిసినట్టు కలిస్తే వెలుతురు కనపడదు. పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, తేడా ఉంటే మధ్యలో సందులు కనిపిస్తాయి. అలా కుదిరినవాటిలో మొదటిది పక్కన పడేశాడు. "పొడుగయ్యా, ఇది డిస్కుకి తగులుద్ది" అన్నాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. రెండోది సరైన పొడవు, తల మీద 8.8 అని అచ్చు ఉంది, అంటే గట్టి రకం. దాన్ని పెట్రోలులో ముంచి తుడిచి, పానా ముట్టుకోకుండా రెండు వేళ్ళతో చివరిదాకా తిప్పాడు. సాఫీగా వెళ్ళింది. అప్పుడు పానా తీశాడు. రెండూ బిగించి, ముందు చక్రం పైకెత్తి తిప్పి, ఎక్కడా రాసుకోవట్లేదని చెవి పెట్టి విన్నాడు. రేపు పొద్దున్నే ఒకసారి పానా వేసి చూసుకోమన్నాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. నేను ఎంత ఇచ్చినా ఆ రుణం తీరేది కాదు.

వేళ్ళతో చివరిదాకా వెళ్ళాలన్న నియమం మీరూ గుర్తుపెట్టుకోండి. రెండు చుట్లకే బిగిసిపోతే మర పడలేదనో, పిచ్ వేరనో, లోపల మట్టి ఉందనో అర్థం. అక్కడ పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం మర చెడిపోతుంది. ఆ తర్వాత అది బోల్టు సమస్య కాదు, లేత్ షాపు సమస్య.

ఇక అసలు బోల్టు ఎందుకు లూజవుతుంది? బోల్టు బిగించడమంటే ఇనుప ముక్కను రవ్వంత సాగదీయడం. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కి లాగుతూ రెండు భాగాల్నీ అదిమి పట్టి ఉంచుతుంది. ఆ పట్టు ఉన్నంతసేపే మరల మధ్య రాపిడి ఉంటుంది, రాపిడి ఉన్నంతసేపే బోల్టు తిరగదు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు చూపించింది ఏమిటంటే, బోల్టును ఎక్కువగా లూజు చేసేది నిలువుగా వచ్చే అదురు కాదు, పక్కకి జరగడం. బిగించిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి అటూ ఇటూ జారుతుంటే, బోల్టు తనంతట తానే విప్పుకుంటుంది. నా కాలిపర్ దగ్గర కనిపించిన తుప్పు పొడి ఆ జారుడు గుర్తే. ఇనుము ఇనుముతో రాసుకుని పొడి అవుతుంది. మీ ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ తుడిచి చూడండి, బోల్టు చుట్టూ అలాంటి పొడి ఉంటే అక్కడ కదలిక ఉన్నట్టే.

స్ప్రింగ్ వాషర్ వేశాం కదా అని ధీమాగా ఉండకండి. ముక్కల్ని అలా పక్కకి జరిపి చేసిన పరీక్షల్లో అది పెద్దగా ఆపలేకపోయింది. బోల్టు నిలవాలంటే, ఒకటి పట్టు తగినంత ఉండాలి, రెండు ఆ చోట జారుడు ఆగాలి.

కొత్త బండికి ఇంకో కారణం కూడా ఉంటుంది. వాషరు కింద ఉన్న పెయింటు కొన్నాళ్ళకు నలిగి పల్చబడుతుంది, ఆ మేరకు పట్టు తగ్గుతుంది. మొదటి సర్వీసులో బోల్టులన్నీ చూడాలనేది అందుకే. దాన్ని ఆయిల్ మార్చే సర్వీసుగా మాత్రమే చూసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

ఎంత బిగించాలి? మీ బండి మాన్యువల్లో ఉంటే అదే లెక్క. లేకపోతే ఉజ్జాయింపుగా, ఎం6 బోల్టుకి, అంటే మామూలుగా పదో నంబరు పానా పట్టేదానికి, 10 న్యూటన్ మీటర్లు. ఎం8కి, పన్నెండు లేదా పదమూడు పానా పట్టేదానికి, 22 నుంచి 25. పది సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బరువు పెట్టినంత ఒత్తిడి అంటే దాదాపు 10 న్యూటన్ మీటర్లు. ఎం6కి అంతే చాలు. చాలామంది దానికి పాతిక కిలోల బలం వేస్తారు, బోల్టు మెడ తెగుతుంది లేదా ఇంజిన్ కేసులో మర పోతుంది. మాన్యువల్లో చెప్పని చోట మరలకి ఆయిలు, గ్రీజు రాయకండి. రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు ఎక్కువ సాగిపోతుంది. చిన్న టార్క్ రెంచ్, అంటే బిగింపు బలం ఎంతో చెప్పే పానా, ఒకటి కొనుక్కోగలిగితే కొనుక్కోండి. మర ఇప్పటికే పోయిన చోట టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడాలు వద్దు. ఆటోనగర్ లాంటి చోట హెలికాయిల్, అంటే స్టీలు తీగ చుట్ట, వేసి కొత్త మర చేస్తారు, అది గట్టిగా నిలుస్తుంది.

లాక్‌టైట్, అంటే మరల్ని పట్టి ఉంచే జిగురు, గురించి కూడా అడిగారు. నీలం రంగుది, మధ్యరకం బలం ఉన్నది వాడండి, పానాతో మళ్ళీ విప్పుకోవచ్చు. ఎర్రది వేస్తే విప్పాలంటే వేడి పెట్టాలి, దాని జోలికి పోకండి. మరల్ని పెట్రోలుతో శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, ఒకటి రెండు చుక్కలు చాలు. గాలి తగలని చోట, ఇనుముకి ఆనుకుని ఉన్నప్పుడే అది గట్టిపడుతుంది. పూర్తి బలం రావడానికి ఒక రోజు వదిలేయండి. ప్లాస్టిక్ మీద పడితే కొన్ని రకాలు చిట్లుతాయి, జాగ్రత్త. సైలెన్సర్ మెడ దగ్గరి వేడికి ఇది నిలవదు, నైలాక్ నట్టులో ఉండే నైలాన్ కూడా నిలవదు. అక్కడ పూర్తి ఇనుప లాక్ నట్టే పెట్టాలి.

అందం కోసం స్టీలు బోల్టులు, అంటే తుప్పు పట్టనివి, పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. నంబర్ ప్లేటుకి, మడ్‌గార్డుకి పెట్టుకోండి, బాగుంటాయి. కాలిపర్‌కి, హ్యాండిల్ క్లాంపుకి, ఇంజిన్ మౌంటింగుకి మాత్రం కంపెనీ బోల్టే. 8.8 బోల్టు చదరపు మిల్లీమీటరుకి 640 న్యూటన్ల దాకా లాగినా మళ్ళీ తన పొడవుకి వస్తుంది. షాపుల్లో దొరికే మామూలు స్టీలు బోల్టు, తల మీద ఏ2-70 అని ఉండేది, 450 దాటితే సాగి అలాగే ఉండిపోతుంది. బ్రేకు దగ్గర ఆ తేడా ప్రాణంతో సమానం.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మా ఆవిడ గోళ్ళరంగు. ముఖ్యమైన ప్రతి బోల్టునీ బిగించాక, తల మీద నుంచి పక్కనున్న భాగం మీదికి ఒక సన్నని గీత గీశాను. బోల్టు కొంచెం తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. పానా అక్కర్లేదు, రోజూ పొద్దున బండి తీసేటప్పుడు ఒక్క చూపు చాలు. కాలిపర్ బోల్టులు, ముందూ వెనకా యాక్సిల్ నట్లు, ఫోర్కు క్లాంపులు, హ్యాండిల్ క్లాంపులు, ఇంజిన్ మౌంటింగులు, వెనక స్ప్రాకెట్ నట్లు, సైడ్ స్టాండు, వీటన్నిటికీ గీతలున్నాయి. వెనక యాక్సిల్ నట్టు తిరగకుండా దూర్చే కాటర్ పిన్ మీ బండికి ఉండాల్సిందైతే, అది ఉందో లేదో చూడండి. చైన్ బిగించినప్పుడు తీసిన పాత పిన్నునే వంచి పెట్టేస్తుంటారు, కొత్తది చాలా చవకైన వస్తువు.

గీతలు గీశానన్న ఈ జాబితాలో ఏది లేకపోయినా బండి కదపకండి. మిగతావైతే ఇల్లు చేరేదాకా బైండింగ్ వైరో, జిప్ టైయో, పాత ట్యూబు ముక్కో కట్టి నెట్టుకురావచ్చు. దారిలో ఎక్కడా దొరక్కపోతే మీ బండి మీదే అరువు తెచ్చుకోవచ్చు. లెగ్‌గార్డుదో సీటు కిందదో ఒక బోల్టు విప్పి ముఖ్యమైన చోట పెట్టి, అక్కడికి వైరు కట్టడం. అదే పొడవు, అదే మర, తల మీద 8.8 ఉంటేనే సుమా, అదీ దగ్గరి షాపు దాకానే. నేను సీటు కింద ఎం6, ఎం8 బోల్టులు నాలుగేసి, నైలాక్ నట్లు, వాషర్లు చిన్న మందుల డబ్బాలో పెట్టుకుంటాను.

ఇప్పుడు మీ ఫుట్‌రెస్ట్. బ్రాకెట్ మొత్తం విప్పండి. బోల్టు దూరే రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా చూడండి. రెండుసార్లు లూజుగా తిరిగిన తర్వాత నా అంచనా రెండోదే. అలా అయితే ఎంత బిగించినా పాదం బరువుకి అది జారుతూనే ఉంటుంది, బ్రాకెట్ మార్చాలి, లేదా వెల్డింగ్ నింపి మళ్ళీ సరైన రంధ్రం వేయించాలి. రంధ్రం బాగుంటే, బ్రాకెట్‌కీ ఫ్రేముకీ మధ్య పెయింటు పెచ్చులు, మట్టి గీకేసి, 8.8 కొత్త బోల్టు, నీలం లాక్‌టైట్ వేసి, చెప్పిన బలానికి బిగించండి. కంపెనీ బోల్టు తల కింద వెడల్పు అంచు ఉండి, మీకు పెట్టింది మామూలుదైతే అది కూడా కారణమే, అదే రకం అడిగి తెప్పించుకోండి. పైన గీత గీయండి. వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఐదు వందలకి ఒకసారి చూడండి. గీత కదిలితే బ్రాకెట్ ఫోటో ఇక్కడ పెట్టండి, రంధ్రం కనపడేలా దగ్గరనుంచి తీయండి, చూసి చెబుతాను.