19 రోజుల బాబుకు కళ్లు ఇంకా పచ్చగానే.. తల్లిపాలు ఆపాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నాకిది తొలి కాన్పు. నెలలు నిండాకే సిజేరియన్ చేశారు. బాబు పుట్టినప్పుడు 2.85 కిలోలు. మూడో రోజు నుంచి ఒళ్లు పచ్చబడింది. నాలుగో రోజు బిలిరుబిన్ 18.2 ఉందని, బరువు కూడా 2.6 కిలోలకు తగ్గిందని ఒక రోజంతా బాక్సులో లైట్ల కింద పెట్టారు. 12కి దిగాక ఇంటికి పంపారు. ఇప్పుడు బాబుకు 19 రోజులు. కళ్లు, ముఖం ఇంకా పచ్చగానే ఉన్నాయి. మొన్న టెస్టు చేయిస్తే మొత్తం బిలిరుబిన్ 11.4, అందులో డైరెక్ట్ 0.5 అని వచ్చింది. బరువు 3.1 కిలోలు. నా పాలే తాగుతున్నాడు. నాదీ బాబుదీ బి పాజిటివ్. "నీ పాలు బాబుకు పడట్లేదు, రెండు రోజులు ఆపి డబ్బా పాలు పట్టు" అని తెలిసినవాళ్లు అంటున్నారు. పసరు పోయిద్దామని మా అత్తమ్మ పట్టుబడుతోంది. నన్ను పసుపు కూడా తిననివ్వడం లేదు. రోజూ పొద్దున బాబును ఎండలో పడుకోబెడుతున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. పాలు ఆపాలా? నెలన్నర టీకాలు వేయించొచ్చా?
- ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: పాలు ఆపొద్దమ్మా, ఒక్క పూట కూడా. మీ ఉత్తరంలో మిమ్మల్ని భయపెడుతున్న అంకె 11.4. నా చూపు మాత్రం ముందు 3.1 కిలోల బరువు మీద, 0.5 డైరెక్ట్ బిలిరుబిన్ మీద పడింది. ఆ రెండూ బాగున్నాయి. మీరు రాయని విషయం ఒకటుంది, బాబు మోషన్ ఏ రంగులో వస్తోందన్నది. దాని గురించి కింద వివరంగా రాస్తాను. చదివాక ఈ రోజే చూడండి.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువ కావాలి. పుట్టి ఊపిరి తీసుకోవడం మొదలయ్యాక అన్ని అక్కర్లేదు. పైగా మన రక్తకణాలు 120 రోజులు బతికితే పసిపిల్లలవి 80-90 రోజులకే విరిగిపోతాయి. అలా విరిగినప్పుడు వచ్చే పసుపు పదార్థమే బిలిరుబిన్. దాన్ని నీటిలో కరిగేలా మార్చి, పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపడం లివర్ పని. అలా మార్చినదాన్నే టెస్టులో డైరెక్ట్ బిలిరుబిన్ అంటారు. పుట్టిన కొత్తలో ఆ పని చేసే ఎంజైమ్ లివర్‌లో చాలా తక్కువ ఉంటుంది. అందుకే నెలలు నిండి పుట్టినవాళ్లలో నూటికి 60 మందికి, నిండకుండా పుట్టినవాళ్లలో 80 మందికి మొదటి వారంలో ఎంతో కొంత పచ్చదనం కనిపిస్తుంది. పెద్దవాళ్ల కామెర్లలా ఇది లివర్ చెడిపోయి వచ్చేది కాదు, పక్కవాళ్లకు అంటేదీ కాదు.

మీరు బాబుకు నాలుగో రోజున వచ్చిన కామెర్లే ఇంకా తగ్గలేదనుకుంటున్నారు. నాకైతే అవి రెండు వేర్వేరు కామెర్లుగా కనిపిస్తున్నాయి. ఒకటి తగ్గే సమయానికి రెండోది అందుకుంది. రెండింటికీ తల్లిపాలతో సంబంధం ఉంది గానీ, ఆ సంబంధం ఒకటి కాదు.

నాలుగో రోజు సంగతి చూద్దాం. 2.85 కిలోల బిడ్డ 2.6కి వచ్చాడంటే దాదాపు 9 శాతం బరువు పోయింది. మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే. 10 శాతానికి చేరుతోందంటే మాత్రం పాలు చాలడం లేదని మేం అనుమానిస్తాం. సిజేరియన్ అయిన తల్లికి పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేరు, బిడ్డను పక్కలో వేసేసరికే ఆలస్యమవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి ఈ కథ మీ ఒక్కరిదే కాదు. ఇక బిడ్డ పేగుల్లో పుట్టుకతో ఉండే నల్లటి జిగురు మలం నిండా బిలిరుబిన్ ఉంటుంది. ముర్రుపాలు బాగా తాగితే అది రెండు మూడు రోజుల్లో బయటికి పోతుంది. పాలు తక్కువైతే పేగుల్లోనే నిలిచిపోయి, అందులోని బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది. అంటే అప్పుడు బాబు ఒళ్లు పచ్చబడటానికి పాలు తక్కువ కావడమే ముఖ్య కారణం అయి ఉంటుంది. దానికి మందు ఇంకా ఎక్కువ పాలు. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా లేపి పట్టాలి. తాగలేకపోతే పిండి ఉగ్గుగిన్నెతో పోయాలి. బరువు బాగా పడిపోయి, పిండినా పాలు చాలనప్పుడు డాక్టరే కొద్ది రోజులు పోత పాలు రాయవచ్చు. అదీ తల్లిపాలకు తోడుగానే.

ఆ సమయంలో చాలా ఇళ్లలో గ్లూకోజు నీళ్లు పడతారు. "మూత్రంలో పోతుంది కదా డాక్టర్" అంటారు. పోదు. లివర్ ఇంకా మార్చని ఈ రకం బిలిరుబిన్ నీటిలో కరగదు, అది పోవాల్సిన దారి మలం. గ్లూకోజు నీళ్లతో పొట్ట నిండితే బిడ్డ పాలు తాగడు, మోషన్ తగ్గుతుంది, కామెర్లు ఇంకాస్త పెరుగుతాయి.

ఇప్పుడున్నది రెండో రకం. నాలుగో రోజు నుంచి ఇప్పటికి బాబు అర కిలో పెరిగాడు, అంటే రోజుకు 30 గ్రాముల పైనే. పాలు చాలని బిడ్డ ఇలా పెరగడు. బాగా తాగుతూ, బాగా పెరుగుతూ, రెండో వారం దాటినా పచ్చగా ఉండటాన్ని తల్లిపాల కామెర్లు అంటాం. తల్లిపాలలో ఉండే కొన్ని పదార్థాల వల్ల పేగుల్లోకి వచ్చిన బిలిరుబిన్‌లో కొంత తిరిగి రక్తంలోకి చేరుతుంది. దానివల్ల పాలు చెడ్డవీ కావు, మీ ఒంట్లో లోపమున్నట్టూ కాదు. సాధారణంగా 10-14 రోజులప్పుడు ఎక్కువగా ఉండి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. కొందరిలో రెండు మూడు నెలల దాకా కళ్లలో లేత పసుపు ఉండిపోతుంది. తర్వాతి కాన్పులోనూ ఇలాగే రావచ్చు, ముందే తెలిసి ఉంటే అప్పుడు ఇంత కంగారు పడరు.

రెండు రోజులు పాలు ఆపమన్న సలహా గాల్లోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. ఒకటి రెండు రోజులు ఆపితే బిలిరుబిన్ గబగబా పడిపోతుంది, దాంతో ఇది తల్లిపాల కామెర్లేనని తేల్చుకునేవారు. ఇప్పుడు 11.4 ఉన్న బిడ్డకు ఆ పరీక్ష అవసరమే లేదు. ఆపితే జరిగే నష్టం మాత్రం కళ్లముందే ఉంటుంది. రొమ్ములు గట్టిపడి నొప్పి మొదలవుతుంది, పాల ఉత్పత్తి తగ్గుతుంది, సీసా పీకకు అలవాటుపడ్డ బిడ్డ తిరిగి రొమ్ము పట్టడానికి మొండికేస్తాడు. రెండు రోజులకని తెచ్చిన డబ్బా ఏడాది పాటు ఇంట్లో ఉండిపోవడం తరచూ చూస్తుంటాం.

ఇక మోషన్ సంగతి. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. డైపర్ విప్పేసి, ఉతికిన తెల్ల గుడ్డ కట్టండి. మోషన్ అయ్యాక కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ఆవపిండి ముద్దలా పసుపుగానో, కొంచెం ఆకుపచ్చగానో ఉంటే మంచిదే. తెల్ల సుద్దలా, పాలిపోయిన బూడిద రంగులో ఉంటే మాత్రం ఆ గుడ్డతో సహా అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మూత్రం కూడా గమనించండి. పసిపిల్లల మూత్రం నీళ్లలా ఉండాలి, గుడ్డకు పసుపు మరక అంటకూడదు. మలం పాలిపోయి, మూత్రం ముదురుగా ఉంటే పైత్యరసం పేగుల్లోకి రావడం లేదేమోనని చూడాలి. పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది. అరుదే, కానీ మొదట్లో ఆ బిడ్డలూ పాలు తాగుతూ బొద్దుగానే ఉంటారు, అందరూ తల్లిపాల కామెర్లే అనుకుంటారు. దానికి చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల్లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు రెండు వారాలు, నిండకుండా పుట్టిన బిడ్డకు మూడు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే డైరెక్ట్ బిలిరుబిన్ చూడాలనడం అందుకే. ఒకటి దాటితే అనుమానించాలి. మీ బాబుకు 0.5 మాత్రమే ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకోండి. అయినా మోషన్ రంగు మాత్రం ఇంకో నెల రోజులు గమనిస్తూనే ఉండండి. థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్) ఇంకా చేయించకపోతే ఈ వారంలో చేయించండి. థైరాయిడ్ తక్కువ ఉన్నా కామెర్లు ఇలాగే లాగుతాయి, ఆలస్యంగా తెలిస్తే తెలివితేటలు దెబ్బతింటాయి. మూత్ర పరీక్ష, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలు విరిగిపోకుండా కాపాడే ఎంజైమ్) పరీక్ష అవసరమా అన్నది బాబును చూసిన డాక్టర్ చెబుతారు. ఈలోగా బాబు బట్టల మధ్య కలరా ఉండలు పెట్టి ఉంటే తీసేయండి, జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు వాటి వాసన కూడా ప్రమాదం.

ఇది చదివే వేరే తల్లుల కోసం ఒక మాట. పుట్టిన 24 గంటల్లోపే ఒళ్లు పచ్చబడితే అది మామూలు కామెర్లు కాదు. తల్లిది నెగెటివ్ గ్రూపై బిడ్డది పాజిటివ్ అయినా, తల్లిది ఓ గ్రూపై బిడ్డది ఏ లేదా బీ అయినా రక్తం వేగంగా విరుగుతూ ఉండొచ్చు. పచ్చదనం అరచేతులు, అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ పాలు మానేసి మత్తుగా పడుకున్నా, కీచుగా ఏడ్చినా, వెనక్కి విల్లులా వంగినా తెల్లారేదాకా ఆగొద్దు. 25 దాటి పెరిగే కొద్దీ బిలిరుబిన్ మెదడుకు చేరే ముప్పు ఎక్కువ. ఆ నష్టం మళ్లీ పూడదు. జిల్లా ఆస్పత్రుల్లోని నవజాత శిశు విభాగాల్లో లైట్ల చికిత్స ఉచితంగానే దొరుకుతుంది. లైట్ల కింద పెట్టినప్పుడూ రెండు మూడు గంటలకోసారి బయటికి తీసి పాలివ్వొచ్చు, ఇవ్వాలి కూడా.

రంగు చూడటానికి ఫోన్ ఫొటోల్ని నమ్మొద్దు. ట్యూబ్‌లైటు కింద ఒకలా, పసుపు గోడల గదిలో ఇంకోలా వస్తాయి. కిటికీ పక్కన కూర్చుని ముక్కు మీద, ఛాతీ మీద వేలితో మెల్లగా నొక్కి తీయండి. రక్తం పక్కకు పోయిన ఆ క్షణంలో చర్మం అసలు రంగు కనిపిస్తుంది. చామనఛాయ పిల్లల్లో చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు చూడటం మేలు.

ఎండ సంగతికి వస్తే, దీని వెనక నిజమైన చరిత్ర ఉంది. 1950లలో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిపిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లేది. ఎండ తగిలిన చోట చర్మం పచ్చదనం తగ్గిందని, గుడ్డ కప్పిన చోట అలాగే ఉందని ఆమె గమనించింది. దాన్ని పట్టుకుని అక్కడి డాక్టర్ క్రీమర్ బృందం లైట్ల పరికరం తయారుచేసి 1958లో ప్రచురించింది. మీ బాబును పెట్టిన బాక్సు పుట్టింది అక్కడే. అందులో వాడే నీలి కాంతి బిలిరుబిన్ ఆకారాన్ని మార్చి, లివర్‌తో పని లేకుండానే బయటికి పోయేలా చేస్తుంది. ఎండలో ఆ కాంతి ఉంటుంది గానీ, ఎంత మోతాదు అందుతోందో లెక్క ఉండదు. దాంతో పాటు వేడి, అతినీలలోహిత కిరణాలు కూడా పడతాయి. మీ వైపు ఎండలో గుడ్డలు విప్పి పడుకోబెడితే ఒళ్లు మాడుతుంది, నీరు ఇంకిపోతుంది. ఇంట్లో వెలుతురు వచ్చే గదిలో పడుకోబెడితే చాలు. ఎక్కువ కామెర్లకు ఎండ మందు కాదు, మీ బాబుకున్నంత తక్కువ కామెర్లకు ఏ మందూ అక్కర్లేదు.

పసరు ఒక్క చుక్క కూడా వద్దు, నోట్లోనూ వద్దు, ముక్కులోనూ వద్దు. పెద్దవాళ్లలో కామెర్లు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి, కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. 19 రోజుల బిడ్డ లివర్ మీద, పేగుల మీద ఆ ఆకుల రసం ఏం చేస్తుందో పోసేవాళ్లు చూడరు. పొట్ట మీద వాతలు పెట్టించడం గురించి చెప్పక్కర్లేదు, అది హింస. అత్తమ్మ గారితో గొడవ పడకండి. ఆమె భయమూ బిడ్డ గురించే కదా. తూకం కాగితం చూపించి, "అర కిలో పెరిగాడు అత్తమ్మా, లివర్ బాగుందని టెస్టులో వచ్చింది" అని చెప్పి చూడండి.

మీరు పసుపు తినడానికీ బాబు పచ్చదనానికీ సంబంధం లేదు. పప్పు, కూర, గుడ్డు, పాలు, పండ్లు అన్నీ తినండి. బాలింతకు మంచినీళ్లు తగ్గించే అలవాటు మీ ఇంట్లో ఉంటే దాన్నీ పక్కన పెట్టండి, దాహమైనప్పుడల్లా తాగండి. పాలిచ్చేటప్పుడు చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు బాబు నోట్లోకి వెళ్లాలి, గుటక వేసే చప్పుడు మీకు వినపడాలి. రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

పది రోజుల తర్వాత ఒకసారి తూకం వేయించి, బాబును డాక్టర్‌కు చూపించండి. అప్పటికి పచ్చదనం తగ్గుముఖం పడితే మళ్లీ రక్తం తీయించాల్సిన పని ఉండకపోవచ్చు, పెరిగినట్టు కనిపిస్తే మాత్రం మొత్తం, డైరెక్ట్ రెండూ మళ్లీ చూడాలి. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు కూడా మోషన్ రంగు చెప్పండి. నెలన్నర టీకాలు వేయించొచ్చు, అప్పటికి కళ్లలో కొంచెం పసుపు మిగిలి ఉన్నా వాయిదా వేయనక్కర్లేదు.