ముందు దారి, తర్వాతే పేర్లు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నీ దగ్గరే ఉంది. నర్సింగ్ పాఠాలన్నీ బాగానే ఎక్కుతున్నాయి కానీ, నాడీ వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి పుస్తకం తెరవాలంటేనే టెన్షన్ వస్తోందన్నావు. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పినదాన్ని. నాలుగు ధైర్యం మాటలు చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం. పెన్సిలూ తెల్ల కాగితమూ పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఒక మాట సంగతి తేల్చుకుందాం. 'నరం' అనే మాటను మనం దేనికి పడితే దానికి వాడేస్తాం. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదంటాం, అది సిర. పిక్క నరం పట్టేసిందంటాం, అది కండరం. నాడి చూడమంటాం, వేలి కింద కొట్టుకునేది ధమని. నీ పాఠంలో నాడి అంటే ఇవేవీ కాదు. అది రక్తం పారే గొట్టం కాదు, నాడీకణాల పొడవాటి పోగులు కట్టగా చేరి పైన తొడుగు వేసుకున్న తాడు. రేపు వార్డులో ఎవరైనా 'నరాలు లాగుతున్నాయమ్మా' అంటే, వాళ్లు చెబుతున్నది దేని గురించో అడిగి తెలుసుకోవాల్సింది నువ్వే. కాబట్టి ఈ తేడా ఇప్పుడే స్థిరపరుచుకో.

చదువుకునే రోజుల్లో నేను కపాల నాడుల (మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులు) పేర్లు ముందు నుంచీ వెనక నుంచీ అప్పజెప్పేదాన్ని. నోటి పరీక్షలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "నడుస్తుంటే కాలి బొటనవేలు రాయికి తగిలింది. తర్వాత ఏమవుతుంది?" నా నోరు పెగల్లేదు. పేర్లన్నీ వచ్చు, దారి తెలియదు. ఆ రాత్రి కూర్చుని ఆ నొప్పి పోయే దారి గీశాను. ఆ తర్వాత నా క్లాసులో ఈ పాఠం ఎప్పుడూ అక్కడి నుంచే మొదలైంది. నువ్వూ అలాగే మొదలుపెట్టు.

కాగితం కింద బొటనవేలు, పైన మెదడు, మధ్యలో వెన్నుపాము గీయి. వేలి చర్మంలో ఉన్నవి జ్ఞాన నాడీకణాల కొసలు. ఆ కణం అసలు దేహం మాత్రం వేలిలో ఉండదు, ఎక్కడో నడుము కింద వెన్నెముకలో, నాడి మూలం మీదున్న చిన్న ముడిలో ఉంటుంది. అంటే ఒక్క కణమే దాదాపు మీటరు పొడవు! వార్త వెన్నుపాములోకి వెనక వైపున్న పృష్ఠ మూలం గుండా పోతుంది. కండరాలకు ఆజ్ఞ ముందు వైపున్న ఉదర మూలం గుండా బయటికి వస్తుంది. నీ బొమ్మలో ఈ రెండు బాణాలకూ వేరువేరు రంగులు వెయ్యి.

వెన్నుపాములోనే సహసంబంధ నాడీకణాలు ఆ వార్త అందుకుని, కాలిని పైకి లాగే కండరాలకు చేరవేస్తాయి. మెదడుకు నొప్పి తెలిసేలోపే కాలు లేస్తుంది. ఇదే ప్రతీకార చర్య, అంటే రిఫ్లెక్స్. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నువ్వు ఆపకు. ఒక కాలు లేస్తే ఒంటి బరువంతా రెండో కాలి మీద పడాలి కదా? అందుకే వెన్నుపాము ఆ వెంటనే రెండో కాలిని బిగించి నిలబెడుతుంది. ఇన్నిసార్లు చెప్పినా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంకో సంగతి గమనించావా? దెబ్బ తగలగానే ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి సలుపు మొదలవుతుంది. అవి రెండు వేర్వేరు పోగుల మీద వచ్చే వార్తలు. చురుకు తెచ్చే పోగులకు పలచని మయలిన్ తొడుగు ఉంటుంది. సలుపు తెచ్చేవాటికి అది లేదు, సెకనుకు సుమారు 1 మీటరు చొప్పున నెమ్మదిగా వస్తాయి. మందమైన తొడుగున్న పోగుల్లో వేగం సెకనుకు 120 మీటర్ల దాకా ఉంటుంది. ఇలా నీ కాలి మీదే తెలుసుకుంటే మయలిన్ ఎందుకో బట్టీ పట్టక్కర్లేదు.

ఇక పైకి వెళ్దాం. నొప్పి మోసే పోగులు వెన్నుపాములోకి రాగానే అవతలి పక్కకు దాటి, అక్కడి నుంచి పైకి పోతాయి. మెదడు నుంచి కదలిక ఆజ్ఞ తెచ్చేవి మాత్రం చాలావరకు, మెదడు వెన్నుపాముతో కలిసే చోటున్న మజ్జాముఖం అడుగున దాటేసి, ఆ తర్వాత దిగుతాయి. ఇప్పుడు చెప్పు, వెన్నుపాము కుడి సగం దెబ్బతింటే? కింద కుడి కాలు చచ్చుబడుతుంది, నొప్పి తెలియకుండా పోయేది ఎడమ కాలికి. దారి గీసుకున్నవాళ్లకు ఈ జవాబు దానంతటదే వస్తుంది.

వార్త నడిచే తీరును కరెంటు తీగతో పోల్చకు. విశ్రాంతిగా ఉన్న నాడీకణం లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే పంపు అయాన్ల తేడాను కాపాడుతుంది. ప్రేరణ వస్తే కణం పొరలోని తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, ఆ కుదుపు పక్క తలుపులను తెరుస్తుంది. అందుకే దారి ఎంత పొడవైనా వార్త బలం తగ్గదు. పెద్ద నొప్పికి పెద్ద కెరటం ఉండదు, కెరటాలు వెంటవెంటనే వస్తాయి.

పోగు కొసన ఇంకో కణంతో కలిసే చోటును సినాప్స్ అంటారు. చాలావరకు అక్కడ సన్నని ఖాళీ ఉంటుంది, వార్త రసాయనంగా మారి దాటుతుంది. దీన్ని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో చూపించాడు. ఒక గుండె వేగస్ నాడిని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. ఆ వేగస్ 10వ కపాల నాడి, గుండెను నెమ్మదింపజేసే సహసహానుభూత (పారాసింపథెటిక్) వ్యవస్థలో ముఖ్యమైనది. పరీక్ష ముందు నీకు గుండె దడ, నోరు ఎండిపోవడం, అరచేతుల్లో చెమట వస్తాయే, అది దానికి ఎదురుగా పనిచేసే సహానుభూత (సింపథెటిక్) వ్యవస్థ పని.

లెక్కలు చివర్లో చూసుకో, కష్టం కాదు. కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు. మెడలో ఎముకలు 7, నాడులు 8 జతలు. ఇక్కడ తొందరపడి మార్కులు పోగొట్టుకునేవాళ్లను ఎందరినో చూశాను. మస్తిష్కం (పెద్దమెదడు), అనుమస్తిష్కం (చిన్నమెదడు), మజ్జాముఖాల పనులు చదివేటప్పుడు 'ఇది పాడైతే మనిషి ఏం చేయలేడు' అని అడుగుతూ చదువు.

రోజూ పుస్తకం మూసి ఈ బొమ్మ ఒక్కసారి గీయి, పది నిమిషాలు చాలు. ఆదివారంలోగా ఇంకో దారి గీసి ఫొటో పంపు: మోచేయి లోపలి వైపు గట్టి అంచుకు తగిలితే చిటికెన వేలు ఎందుకు జివ్వుమంటుంది? దెబ్బ తగిలింది పోగు కొసకు కాదు, మధ్య దారిలో. అక్కడి నుంచి ఆలోచించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ